సస్పెన్స్ ఖాతాలో రెండు పంక్తులు

మా పఠన బృందం మొదటి వారం సమావేశం అయ్యాక కాగితాలు వెనక్కి తీసుకున్నాను. బృందంలో ఒకావిడ కాగితం మీద, కవిత కింద, పెన్సిల్‌తో రెండే మాటలున్నాయి: "టాలీ కాలేదు."

ఆవిడ ముప్ఫై ఏళ్లకు పైగా అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. నవలలు బాగా చదువుతారు. చిన్నప్పుడు నేర్చుకున్న పద్యాలు ఇప్పటికీ తడుముకోకుండా చెబుతారు, అన్వయం చేసి తాత్పర్యం కూడా చెబుతారు. ఆధునిక కవిత దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది నాకు అబ్బలేదు మాస్టారూ" అని పుస్తకం మూసేస్తారు. మా పఠన బృందంలో ఆరుగురున్నారు, వారానికి గంటన్నర కూర్చుంటాం. ఇలాంటి బృందాలు చాలాకాలంగా నడుపుతున్నాను. ఐదు వారాల్లో ఆవిడకి ఒక దారి దొరికింది. అది నేను ఇన్నాళ్లూ చెబుతూ వచ్చినదానికంటే మెరుగైనది. అందుకే ఈ కేసు రాసి పెడుతున్నాను. ఆవిడ అనుమతి ఉంది. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కవిత ఇది. అచ్చు కాలేదు. రాసినవారు నాకు తెలుసు, బృందానికి తెలియదు.

తాళం

గోడకు మిగిలింది
నాన్న గొంతు ఒక్కటే
దానికి ఏదైనా తగిలిద్దామని
చేతులు రెండూ వెతికి

పది దాకా రాని గడియారం
దగ్గర ఎవరో
నీళ్లడుగుతారు

నేను తాళం వేస్తాను
తాళం
తప్పుతుంది

బయటి నుంచి ఇల్లు
నన్ను పేరు పెట్టి పిలుస్తుంది

కవి పేరు చెప్పకుండా ఇవ్వడం నా అలవాటు. కేంబ్రిడ్జిలో విమర్శకుడు ఐ. ఎ. రిచర్డ్స్ చేసిన పని అదే. పేర్లు తీసేసిన కవితలు విద్యార్థులకిచ్చి, వాళ్లు రాసిచ్చిన వ్యాఖ్యల్ని కూర్చి 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజమ్' వేశాడు. అందులో 13 కవితలున్నాయి. బాగా చదువుకున్న పిల్లలే, వాక్యం మామూలుగా ఏం చెబుతోందన్న దగ్గరే తడబడ్డారని అందులో చూపించాడు. పేరు ఉంటే ఆ పేరుకున్న పరువు మన బదులు కవితని చదివేస్తుంది. పేరు తీసేస్తే చదవడం మన మీదే పడుతుంది.

ఇబ్బంది ఎక్కడుంది

"టాలీ కాలేదు" అన్న మాట నాకు విలువైనదిగా తోచింది. "అర్థం కాలేదు" అంటే తలుపు వేసేసినట్టు. "టాలీ కాలేదు" అంటే ఎక్కడో తేడా ఉంది, వెతకొచ్చు అని.

ఆవిడకి వచ్చిన పద్ధతి బడిలో పద్యానికి నేర్పేదే. ముందు అన్వయం, ఆ తర్వాత ప్రతిపదార్థం, చివర తాత్పర్యం. పద్యంలో అడ్డం పడేది మాట. నిఘంటువు చూసి, మాటల్ని వచనం వరసలోకి తెచ్చుకుంటే తాత్పర్యం దానంతటదే వస్తుంది. ఈ కవితలో నిఘంటువు చూడాల్సిన మాట ఒక్కటి లేదు. గోడ, గొంతు, గడియారం, నీళ్లు, తాళం: చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాటలే. ఆవిడ బుద్ధిగా ప్రతిపదార్థం రాసుకున్నారు. పన్నెండు పంక్తులూ పూర్తయ్యాయి, తాత్పర్యం రాలేదు. ఆధునిక కవిత ముందు చాలామంది నిలబడిపోయేది సరిగ్గా ఇక్కడే. మాటలన్నీ తెలిసి కూడా బోధపడకపోతే, లోపం తమలోనే ఉందనుకుంటారు.

మన శాస్త్రాల్లో ఇంకో పనిముట్టుంది. వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలంటాడు అన్నంభట్టు, తర్కసంగ్రహంలో. "ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు" అని ఊరికే వరసగా అంటే వాక్యం కాదు. ఒక మాట ఇంకో మాటని కోరుకోవడం లేదు కాబట్టి ఆకాంక్ష లేదు. "నిప్పుతో తడుపు" అంటే వాక్యం పూర్తయింది గానీ ఆ రెండూ కలవవు, యోగ్యత లేదు. "ఆవుని" అని ఇప్పుడు, "తీసుకురా" అని మూడు గంటల తర్వాత అంటే సన్నిధి లేదు. తర్కశాస్త్రానికి ఇవి దోషాలు. ఆధునిక కవి చాలాసార్లు ఈ మూడింట్లో ఒకదాన్ని తెలిసే, పనిగట్టుకుని తెంపుతాడు. పాఠకుడు ఆగేది ఆ తెగిన చోటే.

రెండో వారం మొదట్లో ఇది చెప్పి, "అర్థం రాయొద్దు. ఎక్కడ ఆగారో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ, యో, స, మూడింట్లో ఏదో ఒకటి" అన్నాను. ఆవిడ వెంటనే తలెత్తారు.

"అంటే ఒక ఎంట్రీ పడలేదా, తప్పు హెడ్ కింద, అంటే తప్పు పద్దులో పడిందా, తేదీ మారిందా అని చూడటమే కదా మాస్టారూ. తేడా ఏ రకమో తెలిస్తే సగం పని అయినట్టే."

పది నిమిషాల్లో ఆవిడ కాగితం మీద నాలుగు గుర్తులు పడ్డాయి. "గోడకు మిగిలింది గొంతు" పక్కన యో. "వెతికి" పక్కన ఆ. "గడియారం" తర్వాత, పంక్తి విరిగిన చోట, స. "ఇల్లు పిలుస్తుంది" పక్కన మళ్లీ యో. అప్పటిదాకా కవిత మొత్తం ఒకే గోడలా కనిపించిందట, ఇప్పుడు నాలుగు చోట్ల మాత్రమే ఇబ్బంది అన్నారు. మిగతా పంక్తుల్లో తను ఎక్కడా ఆగలేదని ఆవిడకే ఆశ్చర్యం.

నేను చేసిన తప్పు

అక్కడితో ఆపాల్సింది. సమయం మిగిలింది కదా అని "తాళం" గురించి నేనే చెప్పేశాను. తలుపుకి వేసేదీ తాళమే, పాటకి వేసేదీ తాళమే అని. ఒక మాటలో రెండు మూడు అర్థాలు ఒకేసారి పనిచేయడం గురించి విమర్శకుడు విలియమ్ ఎంప్సన్ ఇరవై నాలుగేళ్ల వయసులో, 1930లో, 'సెవెన్ టైప్స్ ఆఫ్ యాంబిగ్విటీ' అని ఏకంగా ఒక పుస్తకమే వేశాడని కూడా చెప్పాను.

ఫలితం మరుసటి నిమిషంలోనే కనబడింది. అందరూ ప్రతి మాటకీ రెండో అర్థం వెతకడం మొదలుపెట్టారు. పది అంటే దశావతారాలా, పదిమందా? నీళ్లడగడం అంటే చివరి ఘడియల దాహమా? పేరు పెట్టడం అంటే నామకరణమా, వంక పెట్టడమా? కవిత గళ్ల నుడికట్టు అయిపోయింది. ఉత్సాహంగానే సాగింది గానీ, ఆ గంటలో కవితని ఎవరూ మళ్లీ చదవలేదు. వేట ఆగడానికి తర్వాతి వారం కూడా కొంత ఖర్చయింది.

ఆ నష్టం నుంచి నేను తెచ్చుకున్న జాగ్రత్త ఒకటుంది. మాటకి రెండో అర్థం ఉండటం వేరు, కవితలో ఆ అర్థం నడవటం వేరు. నిఘంటువులో ఉన్న అర్థాన్ని కవితలోని వేరే పంక్తి ఏదైనా పట్టుకుని లాగాలి. "తాళం" విషయంలో క్రియలే సాక్ష్యం. "వేస్తాను" దగ్గర తలుపే ముందు తోస్తుంది. "తప్పుతుంది" దగ్గరికి వచ్చేసరికి తలుపు తాళం ఆ క్రియని మోయలేదు, పాట తాళం మోస్తుంది. అంటే ఒకే మాట రెండు పంక్తుల మధ్య చేయి మారింది. "పది"కి అలాంటి సాక్ష్యం ఎక్కడా లేదు. దశావతారాలు ఆ కవితలోకి వచ్చింది మా దగ్గర్నుంచే.

నాన్న పోయిన మనిషి

మూడో వారం సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి.

బృందంలో ఒకాయన తండ్రి ఏడాది కిందట పోయారు. ఆ రోజు కవిత పైకి చదవడం ఆయన వంతు. "నాన్న గొంతు ఒక్కటే" దగ్గర ఆయన గొంతే ఆగిపోయింది. నీళ్లు తాగి పూర్తి చేశారు. తర్వాత చెప్పారు: ఇది తండ్రి చనిపోయాక ఇల్లు ఖాళీ చేసే కవిత, గడియారం ఆగింది ఆయన పోయిన వేళకి, నీళ్లడిగేది ఆయనే, ఆసుపత్రిలో మా నాన్న అడిగినట్టే. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనంలో కవిత అర్థం తేలిపోయినట్టయింది. ఇంకో మాట అంటే ఆయన దుఃఖాన్ని కాదన్నట్టవుతుంది.

పాఠకుడి సొంత జ్ఞాపకం కవిత మీదికి వచ్చి కూర్చోవడాన్ని రిచర్డ్స్ చదువులో ఎదురయ్యే ఆటంకాల్లో ఒకటిగా లెక్కవేశాడు, అసందర్భమైన జ్ఞాపకాలన్నాడు. ఆ మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. ఆయన గొంతు ఆగినప్పుడే మాలో చాలామందికి ఆ పంక్తి బరువు మొదటిసారి తెలిసింది. జ్ఞాపకం లేకుండా చదివితే ఆ బరువు రాదు. అయితే జ్ఞాపకంతోనే చదివితే కవిత రాదు, ఆయన నాన్నగారే వస్తారు.

కాసేపాగి ఆయన్నే అడిగాను. "మీరు చెప్పింది నాకు ముట్టిందండీ. ఒక్కసారి కాగితం చూసి చెప్పండి, నాన్న పోయారని ఎక్కడుంది?"

ఆయన రెండుసార్లు చదువుకున్నారు. "లేదండీ. గొంతు ఒక్కటే మిగిలిందని ఉంది. పోయారని నేననుకున్నాను."

ఆవిడ అప్పుడు తన కాగితం తిప్పి, వెనక నిలువుగా గీత గీశారు. ఎడమవైపు "కాగితం మీద ఉన్నది", కుడివైపు "మనం తెచ్చుకున్నది". ఆసుపత్రి కుడివైపు వెళ్లింది. చావు కుడివైపు వెళ్లింది. గడియారం పదికి ముందే ఆగడం ఎడమవైపు ఉండిపోయింది. ఆయనకి ఆ గీత నచ్చింది, తన జ్ఞాపకాన్ని కొట్టేయలేదు కాబట్టి. అది తనదని రాసి పెట్టారంతే.

ఎడమవైపు మొదటి పంక్తులు మళ్లీ చూస్తుండగా ఆవిడ అన్నారు: "గోడకి మిగిలింది. దానికి ఏదైనా తగిలించాలి. గోడ మీద మనం దేనికి తగిలిస్తాం? మేకుకి. ఇందులో మేకు అన్న మాట లేదు మాస్టారూ. గొంతునే మేకు చేశారు."

నాకు ఆ క్షణం బాగా గుర్తుంది. మిగతావాళ్లు పంక్తి మీదికి వంగి మేకు కోసం వెతికారు, నిజంగా లేదు. యోగ్యత లేదని ఆవిడ గుర్తు పెట్టిన చోటే అది దొరికింది. అలంకారశాస్త్రంలో దీన్ని వరసగా చెబుతారు: నేరుగా వచ్చే అర్థం అడ్డం తిరగాలి, ఇంకో అర్థానికి దానితో సంబంధం ఉండాలి, అలా తిప్పి చెప్పడానికి ఒక ప్రయోజనం ఉండాలి. "గంగలో పల్లె" అంటే నీళ్లలో ఇళ్లుండవు కాబట్టి గంగ ఒడ్డున అనుకుంటాం. ఒడ్డున అనే చెప్పొచ్చు కదా అంటే, గంగ చల్లదనం, పవిత్రత పల్లెకి అంటాలని అలా అన్నారు. ఇక్కడ ప్రయోజనం ఏమిటని అడిగాను. పటాలన్నీ తీసేశాక గోడకి మేకు మిగులుతుంది, అది దేన్నీ మోయడం లేదు, అయినా గోడలోంచి రాదు అన్నారొకరు. నాన్న గొంతు అలాంటిదన్న మాట ఎవరూ పైకి అనాల్సిన అవసరం రాలేదు.

ఇలా తీసేయడం ఆధునిక కవితలో ఎంత పెద్ద పనో చెప్పడానికి అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ 1913లో అచ్చువేసిన రెండు పంక్తుల మెట్రో స్టేషన్ కవిత చెప్పాను. పారిస్‌లో భూగర్భ రైలు దిగినప్పుడు వరసగా కనబడ్డ అందమైన ముఖాల గురించి ముందు ముప్ఫై పంక్తులు రాసి చింపేశాడు. ఆరు నెలలకి అందులో సగం. ఇంకో ఏడాదికి రెండు పంక్తులు, పద్నాలుగు మాటలు, ఒక్క క్రియ కూడా లేదు. ముఖాలు, తడిసిన నల్ల కొమ్మ మీది పూరేకులు, రెంటినీ పక్కపక్కన పెట్టి వదిలేశాడు. వాటి మధ్య వంతెన వేసేది చదివేవాళ్లే.

"వెతికి" దగ్గర ఆవిడ పెట్టిన "ఆ" గుర్తు కూడా అదే రోజు విడింది. వెతికి ఏం చేశారు? క్రియ రాలేదు. "దొరకలేదు కాబట్టి వాక్యం కూడా అక్కడే ఆగింది" అన్నారు నాన్న పోయినాయన.

చేత్తో తాళం

నాలుగో వారం ఒకరు కవికి ఫోన్ చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. బయటి సమాచారం కావాల్సిన కవితలు ఉంటాయి. బైరాగి 'నూతిలో గొంతుకలు' చదవాలంటే హామ్లెట్, అర్జునుడు, రాస్కల్నికోవ్ ఎవరో తెలియాలి, తెలుసుకోవడం పెద్ద పని కూడా కాదు. ఈ కవితలో అలాంటి తాళంచెవి బయటెక్కడా లేదు. టి. ఎస్. ఎలియట్ 'ద వేస్ట్ లాండ్' 1922లో పత్రికల్లో వచ్చినప్పుడు వివరణలిచ్చే జ్ఞాపికలు లేవు, అదే ఏడాది చివర పుస్తకంగా వేసినప్పుడు చేర్చాడు. ఎందరో పాఠకులు కవితని వదిలి ఆ జ్ఞాపికల వెంట పడ్డారు. జనాన్ని అలా తిప్పినందుకు విచారిస్తున్నానని 1956లో ఆయనే ఒప్పుకున్నాడు.

ఫోన్ బదులు పైకి చదివాం. ముగ్గురు చదివారు. మొదటి ఇద్దరూ పంక్తి చివర ఆగకుండా, వచనంలా "గడియారం దగ్గర ఎవరో నీళ్లడుగుతారు" అని కలిపేశారు. వార్త విన్నట్టుంది. మూడోసారి ఆవిడ. పంక్తి విరిగిన చోటల్లా ఆగారు. "పది దాకా రాని గడియారం" దగ్గర ఆగితే గడియారం ఒక్కటే గదిలో నిలబడింది. తర్వాత "దగ్గర ఎవరో" అనగానే అంతవరకూ మనకి కనబడని మనిషి ఒకరు అక్కడున్నారని తెలిసింది. పంక్తి విరుపు చేసే పని అదే, మనిషిని ఆలస్యంగా చూపించడం. సన్నిధి తెగిన చోట ఆవిడ పెట్టిన గుర్తు చెవితోనే విడింది.

చదువుతూ చదువుతూ ఆవిడ, తనకి తెలియకుండానే, అరచేత్తో బల్ల మీద తాళం వేస్తున్నారు. పద్యాలు చదివే అలవాటు. "నేను తాళం వేస్తాను" దాకా దెబ్బ సరిగ్గా పడింది. తర్వాత "తాళం" ఒంటరిగా ఒక పంక్తి. చేయి లేచింది. ఎక్కడ దించాలో తెలియక గాలిలో ఆగింది. "తప్పుతుంది" అని చదివి, తన చేతిని తనే చూసుకున్నారు.

"తప్పింది" అన్నారు.

రెండో వారం ఉపన్యాసం ఇచ్చి నేను పాడుచేసిన సంగతి ఇప్పుడు ఆ చేతికి తెలిసింది. ఆ వెంటనే ఆవిడే ఇంకో ముడి వేశారు: "గొంతు మొదట్లోనే ఉంది కదా. తాళం వేసేది ఆ గొంతుకేనేమో. ఆయన పాడితే తను వేసేది. ఇప్పుడు పాడటం లేదు, వేయబోతే తప్పుతోంది." మొదటి చరణమూ మూడో చరణమూ ఇలా కలుస్తాయని నాకు అంతకుముందు తట్టలేదు. ఆ మాట కాగితం వెనక ఏ వైపు వెళ్లాలని కొంత వాదన జరిగింది. గొంతూ తాళమూ రెండూ కాగితం మీద ఉన్నాయి, పాట లేదు. గీత మీదే రాశారు.

మిగిలినవి చివరి రెండు పంక్తులు. బయటి నుంచి ఇల్లు పిలవడమేమిటి? ఇంటికి తాళం వేసి వచ్చేసిన మనిషి బయట ఉండాలి, ఇల్లు లోపల్నుంచి పిలవాలి. నేను ఏదో ఒక అర్థం వైపు బృందాన్ని నెడుతున్నాను: లోపల చిక్కుకున్నది మనిషే, ఇల్లు ఎప్పుడో వెళ్లిపోయింది, అని. అందరూ తలూపారు. ఆవిడ ఊపలేదు.

"ఏ హెడ్ కిందకి వస్తుందో తెలియని మొత్తం ఉంటే మేం సస్పెన్స్ ఖాతాలో పెడతాం మాస్టారూ. ఆధారం దొరికేదాకా అక్కడే ఉంటుంది. కొట్టేయం. అలాగని ఏదో ఒక హెడ్‌లోకి తోసెయ్యం. తోసేస్తే ట్రయల్ బ్యాలెన్స్‌లో రెండు వైపులా టాలీ అవుతుంది గానీ లెక్క తప్పు. ఈ రెండు పంక్తులూ సస్పెన్స్‌లో పెట్టండి."

పెట్టాం. నా వివరణ తప్పని ఆవిడ అనలేదు, దానికి వోచర్ లేదన్నారు.

ఇప్పుడు ప్రతి బృందంలోనూ ఈ ఖాతా తెరిపిస్తున్నాను. తెలియకపోవడానికి ఒక చోటు, ఒక పేరు ఉంటే పాఠకుడికి భయం తగ్గుతుంది. భయం తగ్గితే మళ్లీ చదువుతాడు. "కవితకి ఎవరికి తోచిన అర్థం వారిది" అనడానికీ దీనికీ పోలిక లేదు. సస్పెన్స్‌లో పెట్టిన ప్రతి మొత్తానికీ ఎవరో ఒకరు జవాబుదారీ, మళ్లీ తెరిచి చూడాల్సిందే.

ఈ పద్ధతి పనిచేయని కవితలున్నాయి. 1897లో ఫ్రెంచి కవి మలార్మే రాసిన పాచికల కవితలో మాటలు పేజీలంతా చెదిరి ఉంటాయి, సన్నిధి అనే గుర్తు ఎక్కడని పెడతాం? విమర్శకుడు జార్జ్ స్టైనర్ 1978లో కవిత్వంలోని కాఠిన్యాన్ని నాలుగు రకాలుగా విడదీశాడు. వాటిలో చివరిది కవికీ పాఠకుడికీ మధ్య ఉన్న ఒప్పందాన్నే ప్రశ్నించే రకం. అలాంటి కవితలో పంక్తి పంక్తికీ మూడు గుర్తులూ పడతాయి, కాగితం నల్లబడుతుంది తప్ప దారి దొరకదు. వాటికి నా దగ్గర పనికొచ్చిన దారి పైకి చదవడం ఒక్కటే.

ఐదో వారం కొత్త కవిత ఇచ్చాను. ఆవిడ మొత్తం గుర్తులు పెట్టి, "దీని గుర్తులు విడదీసినా కింద ఏమీ లేదు, తెంపడానికే తెంపారు" అని కారణాలతో సహా పక్కన పెట్టేశారు. నాకు ఆ కవిత ఇష్టం. ఆవిడ కారణాలు మాత్రం కాదనలేకపోయాను.

రెండు నెలల తర్వాత ఒక రాత్రి ఫోన్ చేశారు. పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టారు.

"మాస్టారూ, ఇల్లు పిలుస్తుంది అన్నారు కదా. ఏ గొంతుతో పిలుస్తుంది? ఆ ఇంట్లో మిగిలిన గొంతు ఒక్కటే. మొదట్లోనే చెప్పారు, ఒక్కటే అని."

నేను కాగితం వెతుక్కున్నాను. ఉంది. రెండో పంక్తిలో.

"'పిలుస్తుంది' సస్పెన్స్‌లోంచి తీసి హెడ్‌లో వేసుకున్నాను" అన్నారు. "'బయటి నుంచి' ఇంకా అక్కడే ఉంది."